నాయకుణ్ణి సేల్స్ మేనేజర్‌గా వేస్తే నిలుస్తాడా? ఎక్కడ తేడా కొడుతుందో పట్టుకునే పద్ధతి

ఇరవై రెండేళ్లుగా తిరుపతి, చిత్తూరు లైన్లలో సరుకు అమ్మించడమే నా పని. మొదట్లో సైకిల్ మీద బీట్ (రోజుకో రూటు చొప్పున షాపులు) తిరిగిన సేల్స్‌మేన్‌ని, ఇప్పుడు నా కింద పద్నాలుగు మంది సేల్స్ కుర్రాళ్లు తిరుగుతారు. ఎన్నికలొస్తే చాలు, లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతూ మావాళ్లు ఒక ఆట మొదలుపెడతారు. ఫలానా నాయకుణ్ణి మన కంపెనీలో సేల్స్ మేనేజర్‌గా వేస్తే ఎన్ని నెలలు నిలుస్తాడు అని. నవ్వులాటగా మొదలైందే గానీ, నాయకుణ్ణి కొలవడానికి ఇంతకంటే మంచి కొలత నాకు ఇంతవరకు దొరకలేదు. బాధేమిటంటే ప్రతిసారీ అందరూ ఒకే చోట తప్పుతారు. మాట బాగుందా, సభకు జనం ఎంత వచ్చారు అని చూస్తారు తప్ప షాపులో సరుకు కదిలిందా లేదా అని ఒక్కరూ వెళ్లి చూడరు.

అభ్యర్థి అఫిడవిట్ చదవడం, ఓటరు లిస్టులో మన పేరు సరిచూసుకోవడం లాంటివి మీకు తెలిసినవే కాబట్టి అవి చెప్పను. గెలిచాక తేడా కనబడితే ఏం చెయ్యాలో చెబుతాను.

లక్షణం: గెలిచాక మనిషి కనబడటం లేదు

కారణం పెద్దదేమీ కాదు, బీట్ ప్లాన్ లేదు, అంతే. మా లైన్లో పుత్తూరుకు మంగళవారం అంటే వానొచ్చినా మంగళవారమే వెళ్లాలి, రెండు వారాలు తప్పామా, షాపాయన పక్క కంపెనీ సరుకు దించుకుని మన బోర్డు వెనక్కి తిప్పేస్తాడు. మీ నాయకుడు ఏ రోజు ఎక్కడ దొరుకుతాడో మీ వీధిలో ఒక్కరైనా చెప్పగలరేమో అడిగి చూడండి. చెప్పలేకపోతే జబ్బు అక్కడే ఉంది.

మన దగ్గర అధికారంలోకి వచ్చినవాళ్లలో చాలామంది ముందు బీట్ తిరిగినవాళ్లే. 1982 మార్చిలో పార్టీ పెట్టిన ఎన్టీఆర్ చైతన్యరథం మీద రాష్ట్రమంతా తిరిగి 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు, ఆ ఎన్నికల్లో మన తిరుపతిలోనూ నిలబడి గెలిచారు. వైఎస్ 2003 మండుటెండల్లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా 1,400 కిలోమీటర్లకు పైగా నడిచారు. చంద్రబాబు 2012 అక్టోబరు 2న హిందూపురంలో మొదలుపెట్టి సుమారు 2,800 కిలోమీటర్లు, జగన్ ఇడుపులపాయ నుంచి 3,648 కిలోమీటర్లు నడిచారు. వాళ్లలో ఎవరినైనా సరే, కొత్త ఏరియా తెరిచే పనికి నేను కళ్లు మూసుకుని తీసుకుంటాను.

తేడా వచ్చేది ఆర్డర్ చేతికొచ్చాక. 2014లో టీడీపీకి 102 సీట్లు, 2019లో 23. 2019లో వైసీపీకి 151, 2024లో 11. మా కంపెనీలో ఇలాంటి గ్రాఫ్ వస్తే సరుకు మీద నెపం వేసే ముందు మేనేజర్ డైరీ తెరుస్తాం. మార్కెట్‌లో ఎన్ని రోజులు తిరిగాడు, ఆఫీసులో రివ్యూలు పెట్టుకుంటూ ఎన్ని రోజులు కూర్చున్నాడు? అధికారంలో ఉండగా చంద్రబాబు టెలికాన్ఫరెన్సుల్లో, జగన్ వేదిక మీద బటన్ నొక్కే కార్యక్రమాల్లో ఎక్కువగా కనబడ్డారు, నడిచినప్పటి మనుషులు మళ్లీ కనబడలేదని నా అభిప్రాయం.

ఏం చెయ్యాలంటే, వీధి సంఘం తరఫున నెలలో ఒక తేదీ అడగండి, గంట చాలు. ఇస్తే కాగితం మీద రాయించుకోండి. రెండుసార్లు తప్పితే మూడోసారి అడగాల్సిన పని లేదు, విషయం మీకు అర్థమైపోతుంది.

లక్షణం: లెక్కలు కోట్లలో ఉన్నాయి, వీధిలో మాత్రం ఏమీ లేదు

ఇది నా చెయ్యి కాల్చిన కేసు. అందుకే కాస్త ఓపిగ్గా చదవమంటున్నాను.

మా భాషలో మూడు అమ్మకాలుంటాయి. కంపెనీ డిస్ట్రిబ్యూటర్‌కు బిల్లు వేస్తే అది ప్రైమరీ. డిస్ట్రిబ్యూటర్ షాపుకు వేస్తే సెకండరీ. షాపులోంచి ఎవరో ఒకావిడ డబ్బులిచ్చి కొనుక్కుని ఇంటికి పట్టుకెళితే, అదీ అసలు అమ్మకం. నెలాఖరు రిపోర్టులో పెద్ద అక్షరాలతో కనబడేది మొదటిదే. మనల్ని ముంచేదీ అదే.

పదేళ్ల కిందట పలమనేరు వైపు ఏరియా కొత్తగా నా కిందికి వచ్చింది. అక్కడి కుర్రాడు మూడు నెలలు వరుసగా టార్గెట్ దాటించాడు, మీటింగులో నేనే వాణ్ణి పిలిచి అందరి ముందు వాచీ ఇప్పించాను. నాలుగో నెల రెండో వారంలో డిస్ట్రిబ్యూటర్ ఫోన్ చేసి "సార్, ఒకసారి గోడౌనుకు వచ్చి పోండి" అన్నాడు, ఇంకేమీ చెప్పలేదు. షట్టర్ ఎత్తితే గుమ్మం దాకా బిస్కెట్ పెట్టెలే, మనిషి లోపలికి పోవడానికి దారి లేదు. కింది వరస పెట్టెలు పైబరువుకు పొట్టలు పగిలి పక్కకు వాలిపోయి ఉన్నాయి. ఒకదాని మీద దుమ్ము వేలితో తుడిస్తే తయారీ నెల కనబడింది, నేను చప్పట్లు కొట్టించిన మొదటి నెలదే అది. మూలన ఎలుకలు కొరికిన చోటు నుంచి చీమలు బారులు తీరి గోడెక్కుతున్నాయి. "నెలాఖరైతే మీ పిల్లోడు వచ్చి కూర్చుంటాడు సార్, దించుకో అన్నా, వచ్చే నెల చూసుకుందాం అంటాడు. షాపోళ్లు అడిగితే గదా నేను పంపేది, అడిగే నాథుడు లేడు" అన్నాడాయన. 412 పెట్టెలు వెనక్కి తీసుకున్నాం.

ఆ మూడు నెలల్లో నేను ఒక్క పూట పలమనేరు బజారుకు వెళ్లి ఆరు షాపుల్లో అర చూసి ఉంటే సరిపోయేది. చూడలేదు. రిపోర్టు అంత బాగుంటే చూడాలని ఎవరికీ అనిపించదు, ఈ జబ్బు దాక్కునేది అక్కడే.

రాజకీయంలోనూ అచ్చం ఇదే. నిధులు మంజూరు కావడం, జీవో రావడం, శంకుస్థాపన, సభకు వచ్చిన జనం, ఇవన్నీ ప్రైమరీ. పని జరిగి కొలతలు రాసి బిల్లు కావడం సెకండరీ. మీ ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లు రావడం అసలు అమ్మకం. ఇందులో అబద్ధం ఎవరూ ఆడనక్కర్లేదు, అదీ తమాషా. మంజూరైంది అంటారు, నిజమే. శంకుస్థాపన అయింది అంటారు, అదీ నిజమే. గోడౌన్ నిండిందన్నదీ నిజమే కదా.

సభకొచ్చిన జనం సంగతి మన ఊరికి చెప్పక్కర్లేదు. 2008 ఆగస్టు 26న చిరంజీవి తిరుపతిలో ప్రజారాజ్యం పార్టీని ప్రకటించిన రోజు, ఆ జనాన్ని చూసినవాళ్లు ఇక లెక్కపెట్టుకోవడమే మిగిలిందనుకున్నారు. 2009లో 294 సీట్లకు వచ్చినవి 18. తిరుపతిలో ఆయన గెలిచారు, సొంత జిల్లా పాలకొల్లులో ఓడిపోయారు. సరుకు బాగాలేదని నేననను, ఓట్లు కూడా తక్కువేం రాలేదు. కానీ ఆ రోజు వచ్చిన లారీలన్నీ ప్రైమరీ బిల్లులు, ఊరూరా ఆ సరుకును అర మీదకు ఎక్కించే డిస్ట్రిబ్యూటర్లు ఇంకా సిద్ధం కాలేదు.

ఇక పట్టుకోవడం ఎలా? మా వీధిలో జరిగిందే చెబుతాను. మంచినీళ్ల పైపు పనికి నల్లరాతి ఫలకం పెట్టారు, బంగారు రంగు అక్షరాలు, పైన ఎండిపోయిన బంతిపూల దండ. ఏడాది గడిచినా వీధి మొదట్లో ఉన్న ఇళ్లకే నీళ్లు, ట్రాన్స్‌ఫార్మర్ దాటితే కుళాయి తిప్పినప్పుడు గాలి చప్పుడు తప్ప ఏమీ రాదు. ఎవరిని అడిగినా పని అయిపోయిందనే అన్నారు. అప్పుడు సమాచార హక్కు కింద అర్జీ పెట్టాను. 2005 చట్టం అది, ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు, "పని ఎందుకు కాలేదు" అని రాస్తారు. ఎందుకు అని అడగకండి, కాగితం అడగండి. వర్క్ ఆర్డర్ కాపీ, ఎం బుక్ పేజీల కాపీలు, ఇచ్చిన బిల్లుల వివరం, ఈ మూడూ చాలు. ఎం బుక్ అంటే ఇంజనీర్ స్వయంగా కొలిచి రాసే కొలతల పుస్తకం, నా దృష్టిలో ప్రభుత్వం దగ్గరుండే సెకండరీ రిపోర్టు అదే. పనిని దగ్గరికి వెళ్లి తనిఖీ చేసే హక్కు కూడా అదే చట్టంలో ఉంది.

కాగితాలొచ్చాయి. మంజూరు 300 మీటర్లకు, ఎం బుక్‌లో కొలిచి రాసింది 170. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి సరిగ్గా అంతే వస్తుంది, నేనూ మా పక్కింటి అన్నా టేపు పట్టి చూశాం.

అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. ఆ రెండు పేజీలు పట్టుకుని మా వార్డు నాయకుడి దగ్గరికి వెళ్లాను. సెకండరీ ముందు పెట్టినప్పుడు మేనేజర్లు రెండు రకాలుగా మాట్లాడతారు. ఒకడు "నీకెవరు ఇచ్చారీ కాగితం" అంటాడు. ఇంకొకడు "ఏ షాపులో చూశావు" అంటాడు. మా వార్డు నాయకుడు కాగితం రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, "ఎవరింటి కాడ ఆగిపోయిందన్నా?" అని అడిగాడు. ఆ సాయంత్రమే వచ్చి ఒక్కో కుళాయీ తనే తిప్పి చూశాడు. ఆయనకు నిజంగానే తెలియదు, నాకు పలమనేరు గోడౌన్ తెలియనట్టే. సంక్రాంతి దాటాక మిగతా పైపు వేశారు. ఆయన ఏ పార్టీ అని నేను చెప్పను గానీ, మా కంపెనీకి వస్తానంటే రేపే ఏరియా ఇస్తాను.

పోటీ చేసేవాళ్లకు, వాళ్ల వెంట తిరిగేవాళ్లకు కూడా ఒక మాట. పోలింగ్ కేంద్రాల వారీగా ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో ఫారం 20లో ఉంటుంది. అది మీ షాపువారీ సెకండరీ. మొత్తం మెజారిటీ చూసి సంబరపడి ఆ కాగితం తెరవనివాళ్లను నేను చాలామందిని చూశాను. ఏ బూత్‌లో ఓట్లు తగ్గాయో ఆ వీధికి ముందు వెళ్లండి.

లక్షణం: స్కీమ్ ఆపితే ఎవరూ పలకడం లేదు

స్కీమ్‌కీ, అంటే కొద్దికాలం ఇచ్చే ఆఫర్‌కీ, సరుక్కీ తేడా తెలియకపోవడమే కారణం. ఎన్టీఆర్ 2 రూపాయల కిలో బియ్యాన్ని చాలామంది స్కీమ్ అంటారు, నేను ఒప్పుకోను. నెలనెలా అదే రేషన్ షాపులో, అదే ధరకు దొరికేది సరుకు. పండక్కి ఒకసారి ఇచ్చి మళ్లీ ఎన్నికల దాకా మరిచిపోయేది స్కీమ్. మీ నాయకుడు ఇచ్చినవాటిలో మొదటి రకం ఎన్ని, రెండో రకం ఎన్ని అని ఒక కాగితం మీద రాసి చూడండి, ఐదు నిమిషాల పని.

డబ్బు నేరుగా ఖాతాలో వెయ్యడం మాత్రం సెకండరీ పరీక్షలో పాసవుతుంది, మధ్యలో గోడౌనే లేదు కాబట్టి. కానీ షాపాయనకు పని లేకుండా చేస్తే మన సరుకు గురించి కౌంటర్ దగ్గర ఒక్క మంచి మాట చెప్పేవాడు ఉండడు. ఊళ్లో కార్యకర్త అంటే ఆ షాపాయనే. 2024లో వైసీపీకి వచ్చిన 11 సీట్లకు ఇదీ ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

లక్షణం: కింది మనుషులు ఒక్కొక్కరే జారిపోతున్నారు

జీతం చాలక పోయినవాడు చెప్పి పోతాడు. మేనేజర్ నోటికి భయపడి పోయినవాడు చెప్పకుండా, కస్టమర్లను కూడా వెంటబెట్టుకుని పోతాడు. కండువా మారినవాణ్ణి తిట్టడం తేలిక, వరుసగా నలుగురు మారితే మాత్రం తప్పు కండువాది కాదు. వాళ్లలో ఒకరిని పక్కకు పిలిచి మీ ఫోన్ ఎన్నిసార్లు ఎత్తాడన్నా అని అడగండి, విషయం బయటికొస్తుంది.

ఇక పార్టీ గుర్తు జనానికి గుర్తుండటం లేదు, ఆఫీసు వాస్తు బాగాలేదు, ప్రచారం మొదలుపెట్టిన ముహూర్తం కుదరలేదు అనేవి కూడా వింటుంటాను. ఇరవై రెండేళ్లలో ప్యాకెట్ రంగు వల్ల సరుకు ఆగిపోవడం నేను ఒక్కసారి చూశాను, ఆ కేసులో కూడా తర్వాత తెలిసింది, ఆ లైనుకు మా సేల్స్‌మేన్ ఆరు వారాలుగా వెళ్లలేదని.