కత్తియుద్ధాల నవలని ఎలా చదవాలి: ఒక ప్రూఫ్ రీడర్ పద్ధతి

మా ప్రెస్సులో ‘ఖ’ అక్షరం ఎప్పుడూ చాలేది కాదు. మామూలు పుస్తకాల్లో ఖ పెద్దగా రాదు కాబట్టి సీసపు అక్షరాలు గళ్ళలో పెట్టుకునే టైపు కేసులో ఆ గడిలో ఉండే ముక్కలు తక్కువ. జానపద నవల కంపోజింగ్‌కి, అంటే అక్షరాలు పేర్చే పనికి, వచ్చిందంటే రెండో రోజుకే ఆ గడి ఖాళీ అయ్యేది. పేజీకి నాలుగైదు ఖడ్గాలు లేస్తుంటే అక్షరాలు ఎక్కడ చాలతాయి? అచ్చయిపోయిన పేజీలు విప్పి, ఆ టైపు మళ్ళీ గళ్ళలో వేసేదాకా కంపోజిటర్ పని ఆపుకుని కూర్చోవాల్సి వచ్చేది.

1979 నుంచి పంతొమ్మిదేళ్ళు నేను విజయవాడలో ప్రూఫులు దిద్దాను. రాజకుమారులు, మాంత్రికులు, రాక్షసులు, గుహలు, కత్తియుద్ధాలు ఉన్న నవలలే నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి. ఒక్కో నవలని కనీసం మూడుసార్లు చదవాలి: పేజీలుగా విడగొట్టకముందు తీసే గేలీ ప్రూఫు, పేజీ ప్రూఫు, మిషను ఎక్కేముందు ఇంకోసారి. ఒకే యుద్ధాన్ని మూడుసార్లు చదివితే అందులో ప్రాణం ఉందో లేదో తెలిసిపోతుంది. ప్రాణమున్న యుద్ధం మూడోసారి కూడా నా పెన్సిల్ ఆపేసేది. నేను దిద్దడం మరిచిపోయి కథలో పడి, మళ్ళీ వెనక్కి వెళ్ళి అక్షరాలు చూసుకునేవాణ్ణి.

ఇప్పుడు మా మనవడు ఇంటర్‌లో ఉన్నాడు. ఏడెనిమిది వందల పేజీల ఇంగ్లీష్ ఫాంటసీ నవలలు చదువుతాడు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు అడిగాడు: “తాతయ్యా, మొదలుపెడితే ఆపలేకపోతున్నాను. అయిపోయాక మాత్రం ఏం చదివానో గుర్తుండట్లేదు. ఎందుకలా?” వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి నవలలు ఇష్టంగా చదివేవాళ్ళకి, ఇలాంటివి రాద్దామనుకునేవాళ్ళకి కూడా ఇది పనికొస్తుందని నా నమ్మకం.

మొదటిసారి పెన్సిల్ ముట్టుకోకండి

ముందు ఆ నవలకి లొంగిపోవాలి. తప్పులు వెతకాలని మొదలుపెడితే మొదటి పేజీలోనే దొరుకుతాయి, ఆనందం మాత్రం దొరకదు. వేగంగా చదవండి. రాజ్యాల పేర్లు గుర్తుండకపోయినా ఫరవాలేదు. మొదట్లో ఇచ్చిన పటం చూడాలనిపిస్తే చూడండి, లేకపోతే వదిలేయండి. నిద్ర ఆపుకుని చదివిన చోట, ఊపిరి బిగబట్టిన చోట పేజీ మూల కొద్దిగా మడవండి. అంతే.

ఈ నవలలు ఇచ్చే సుఖాన్ని నేను చిన్నచూపు చూడను. నా భార్య ఆపరేషన్ అయి ఆసుపత్రిలో ఉన్న పదకొండు రాత్రులు వరండాలో బెంచీ మీద కూర్చుని నేను చదవగలిగినవి ఇవి మాత్రమే. గొప్ప పుస్తకాలని పేరున్నవి రెండు సంచిలో పెట్టుకెళ్ళాను, ఒక్క పేరా కూడా లోపలికి దిగలేదు. మన బతుకులో గొడవలు ఏళ్ళ తరబడి తేలవు. ఎదుటివాడు ఎవరో, అసలు తప్పు ఎవరిదో కూడా సరిగ్గా తెలియదు. ఈ నవలలో ఇరవై పేజీలు తిరిగేసరికి అంతా తెలుస్తుంది. ఎదురుగా గుహ ఉంటుంది, లోపల చీకటి, తనవాళ్ళు అందులో ఉన్నారు. హీరో భయపడుతూనే లోపలికి వెళ్తాడు. టెన్షన్‌తో నిద్ర పట్టని మనిషికి, ఇంకొకడు భయపడుతూ కూడా అడుగు వెయ్యడం చూస్తే కలిగే ధైర్యం చిన్నదేం కాదు.

సీరియల్‌గా వచ్చిన నవలని సీరియల్‌లాగే చదవండి

ఇది చాలామంది పట్టించుకోని విషయం. 1947 జూలైలో మొదలైన చందమామలో, 1950ల నుంచి దాసరి సుబ్రహ్మణ్యం గారి జానపద సీరియళ్ళు నెలనెలా వచ్చేవి. చిత్రా గారి బొమ్మలతో సహా అవి మా తరం పిల్లల కళ్ళలో ఉండిపోయాయి. ప్రతి భాగం చివరా ఎవరో ఒకరు ప్రమాదం అంచున ఆగిపోతారు. మళ్ళీ నెల దాకా ఆ అంచు మీదే మనమూ ఉండేవాళ్ళం. బళ్ళో, చెరువుగట్టు మీద, నలుగురం చేరి వాడెలా తప్పించుకుంటాడో వాదించుకునేవాళ్ళం. కథలో సగం మేం కల్పించుకున్నదే.

అదే సీరియల్‌ని పుస్తకంగా కుట్టి ఒక్క మధ్యాహ్నంలో చదివేస్తే, పది పేజీలకో ప్రమాదం, పది పేజీలకో తప్పించుకోవడం యంత్రం తిరిగినట్టు అనిపిస్తుంది. ఆ దోషం కొంత రచనది, కొంత మన చదువుది. కాబట్టి నవల మొదట పత్రికలో వచ్చిందేమో చూడండి. అలా వచ్చినదైతే రోజుకి ఒక భాగమే చదివి మూసేయండి. ఇంట్లో పిల్లలకి చదివి వినిపించేటప్పుడైతే ఇది తప్పకుండా చెయ్యండి. మర్నాడు వాళ్ళు తెచ్చే ఊహలు వినండి.

ప్రతి యుద్ధానికీ ఒక చీటీ

అసలు పని రెండోసారి చదువులో ఉంది. చిన్న చీటీలు కత్తిరించుకుని, ప్రతి పోరాటం దగ్గరా ఒకటి పెట్టండి. దాని మీద మూడు సంగతులు రాయండి. ఒకటి, ఈ పోరులో ఎవరికి ఏం కావాలి. రెండు, పోరు దేనివల్ల తేలింది. మూడు, తేలాక ఏం మారింది.

రెండోదాని దగ్గర ఆగి ఆలోచించాలి. “వీడు వాడికంటే బలవంతుడు కాబట్టి” అని తప్ప ఇంకేం రాయలేకపోతే ఆ యుద్ధం మీకు వారం కూడా గుర్తుండదు. భారత యుద్ధం 18 రోజులు జరిగింది. భీష్ముడు 10 రోజులు, ద్రోణుడు 5 రోజులు, కర్ణుడు 2 రోజులు కౌరవ సేనని నడిపారు. తిక్కన గారి తెలుగులో ఆ పర్వాలు చదివితే బాణాలకి లెక్కే లేదు. అయినా ఎవరెలా పడ్డారో చదువు రాని మా నాయనమ్మ వేళ్ళ మీద చెప్పేది. భీష్ముడు శిఖండి ఎదురుగా ఉంటే ఆయుధం ఎత్తనన్నాడు. ద్రోణుడు కొడుకు చచ్చిపోయాడన్న మాట నమ్మి విల్లు వదిలేశాడు. కర్ణుడి రథచక్రం నేలలో దిగబడింది. దుర్యోధనుణ్ణి నడుము కింద కొట్టకూడదన్న నియమం తప్పి తొడ మీద కొట్టారు. ఒక మాట, ఒక అబద్ధం, ఒక శాపం, ఒక నియమభంగం. ఎవరి కండ ఎక్కువన్న లెక్కతో తేలింది ఇందులో ఒక్కటీ లేదు. అందుకే ఒక చావుకీ ఇంకో చావుకీ పోలిక లేదు, మన జ్ఞాపకంలో ఒకదానితో ఒకటి కలిసిపోవు.

మాంత్రికులున్న నవలకి కూడా ఇదే కొలత. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. ఆ రహస్యం ముందు తెలియాలి, తర్వాత ఆ చిలక దాకా చేరాలి. చిలక చేతికి చిక్కాక ఇక పోరాటమేం మిగలదు, అయినా మనం నిరాశపడం. ఎందుకంటే గెలుపు కష్టమంతా దారిలోనే పడ్డాం. దీనికి వ్యతిరేకంగా, ఆఖరి అధ్యాయంలో హీరో చెయ్యి ఎత్తగానే ముందెన్నడూ చెప్పని శక్తి ఒకటి బయటికొచ్చిందనుకోండి, అది పాఠకుణ్ణి మోసం చెయ్యడమే. రెండోసారి చదివేటప్పుడు ఆ శక్తి గురించిన మొదటి మాట ఎక్కడొచ్చిందో వెనక్కి వెతకండి. ఎక్కడా దొరకకపోతే చీటీ మీద ఆ సంగతి రాసిపెట్టండి.

మూడో సంగతికి నా దగ్గర ఒక మొరటు పరీక్ష ఉంది. పుస్తకం 16 పేజీల ఫారాల లెక్కన, అంటే ఒక్కో పెద్ద కాగితం మడిస్తే 16 పేజీలు వచ్చేలా, అచ్చవుతుంది. ఒకసారి ఒక నవల చివరి ఫారంలో ఆరు పేజీలు మిగిలిపోయాయి. ప్రచురణకర్త ఖాళీ వదలడానికి ఒప్పుకోలేదు. రచయిత ప్రెస్సులోనే కూర్చుని బందిపోట్ల దాడి ఒకటి రాసిచ్చాడు. కథ మధ్యలో దాన్ని కలిపాం. ప్రూఫు దిద్దుతూ ఆ ఆరు పేజీలూ దాటేసి చదివి చూశాను, కథ ఎక్కడా తడబడలేదు. ఆ రోజు నుంచి నాకు ఇది అలవాటైంది: పోరాటం మొదలయ్యే పేరా ముందు ఆగి, అది అయిపోయిన తర్వాతి పేరాకి దూకి చదువుతాను. అర్థం కాకుండా పోయిందా, ఆ యుద్ధం కథదే. ఏమీ పోలేదా, అది ఫారం నింపడానికి వచ్చిందే. ఇప్పటి నవలలు కంప్యూటర్‌లో తయారవుతున్నాయి కానీ, ఫారం నింపే యుద్ధాలు మాత్రం తగ్గలేదు.

ఒంటిని చూడండి

బాక్సింగ్‌లో ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళకి కూడా మూడు నిమిషాలకోసారి ఒక నిమిషం విశ్రాంతి ఇస్తారు. నవలలో హీరో కవచం తొడుక్కుని మధ్యాహ్నం దాకా కత్తి తిప్పి, సాయంత్రం గుర్రమెక్కి, రాత్రికి కోట గోడ పాకుతాడు. ఎప్పుడు తిన్నాడు? గాయం ఎవరు కట్టారు? చెయ్యి వణకలేదా? ఈ ప్రశ్నలు చిన్నవిగా కనిపిస్తాయి కానీ ఉత్కంఠ అంతా వీటిలోనే ఉంది. ఒళ్ళు అలవని మనిషికి ఏమవుతుందోనని మనం ఎందుకు భయపడతాం?

ద్రోణపర్వంలో 14వ రోజు యుద్ధం సూర్యాస్తమయంతో ఆగదు. దివిటీల వెలుగులో రాత్రి కూడా సాగుతుంది. ఘటోత్కచుడు పడిపోయాక సైనికులు నిద్రతో తూలుతుంటారు. అప్పుడు అర్జునుడు చంద్రోదయం దాకా పడుకోమంటాడు. రెండు వైపులవాళ్ళూ ఆ మాటకి సంతోషించి ఎక్కడివాళ్ళక్కడ, గుర్రాల మీద, ఏనుగుల మీద, నేల మీద నిద్రపోతారు. నాకు ఆ యుద్ధం మొత్తంలో అన్నిటికంటే కళ్ళకి కట్టే చోటు అదే. మీరు చదివే నవలలో అలాంటి చోటు ఒక్కటైనా ఉందా చూడండి.

వాక్యాన్ని బొటనవేలితో మూసి చూడండి

“మెరుపు వేగంతో”, “క్షణంలో”, “హఠాత్తుగా”, “భీకరంగా” అన్న మాటల మీద వేలు పెట్టి మిగిలింది చదవండి. ఒక ఉదాహరణ నేనే రాస్తాను: “మెరుపు వేగంతో ఖడ్గం ఝళిపించి, క్షణంలో నలుగుర్ని నేలకూల్చి, హఠాత్తుగా వెనక్కి తిరిగాడు.” వేలు పెడితే మిగిలేది ఖడ్గం, నలుగురు, వెనక్కి తిరగడం. ఎక్కడ నిలబడ్డాడో తెలియదు, ఆ నలుగురి మొహాలూ తెలియవు.

దీన్ని ఇలా రాశారనుకోండి: “బావిగట్టు తడిగా ఉంది. కుడికాలు జారింది. పడిపోకుండా కత్తిని నేలలో గుచ్చి ఊతం చేసుకున్నాడు. ఎదుటివాడు దానికోసమే కాచుకుని ఉన్నాడు.” ఇందులో ఒక్క దెబ్బ కూడా లేదు. కానీ తర్వాతి వాక్యం చదవకుండా పుస్తకం మూయలేం.

ఎవరు చస్తున్నారో చూడండి

మా దగ్గర కంపోజింగ్ చేసే ఒకావిడ ఉండేది. చేతులు టైపు ఏరుతుంటే కళ్ళు కథ చదివేవి. ఒకరోజు అడిగింది: “ఏమండీ, ఈ రాకుమారిని మొదటి అధ్యాయంలో ఎత్తుకుపోయారు, ఆఖర్లో పెళ్ళి చేశారు. మధ్యలో ఈ పిల్ల అన్నం తిందా లేదా కూడా రాయలేదేంటి?” నేను ఆ నవల అప్పటికి రెండుసార్లు చదివాను, నాకు ఆ సంగతి తట్టలేదు. అప్పటి నుంచి ఎత్తుకుపోబడ్డవాళ్ళ పేజీలు లెక్కపెడుతున్నాను. మీరూ లెక్కపెట్టండి.

ఇంకొకటి మరీ బరువైనది. ఆ నవలల్లో అడవిలో ఉండేవాళ్ళంటే నరబలి ఇచ్చేవాళ్ళే. నల్లటి ఒళ్ళు, ఎర్రటి కళ్ళు అని రాస్తే చాలు, యాభైమందిని చంపినా హీరోకి పాపం అంటదు. ఇంగ్లీష్ నవలల్లోనూ ఇదే పద్ధతి, అక్కడ వికారమైన జాతి ఒకటి కల్పిస్తారు. ఏజెన్సీ ప్రాంతం నుంచి వచ్చి మా ప్రెస్సులో బైండింగ్ నేర్చుకున్న ఒక కుర్రాడు అలాంటి పుస్తకాల ఫారాలే మడతపెట్టేవాడు. వాడు వాటిని చదివి ఉంటాడని ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు అనిపిస్తుంటే నాకు బాధగా ఉంది. నేను అక్షరదోషాలే దిద్దాను, ఆ మాటలు నా చేతి మీదుగానే అచ్చుకి వెళ్ళాయి. అలాంటి నవల పిల్లలకి ఇవ్వొద్దని నేను అనను. ఇచ్చి, పక్కన కూర్చుని, “ఈ చచ్చిపోయినవాడి ఇల్లు ఎక్కడుంటుంది? వాడికి పిల్లలున్నారా?” అని అడగండి. పిల్లలు చాలా గట్టి జవాబులు చెబుతారు.

చీటీలు మార్చుకోండి

ఒక్కరే చేస్తే ఇది లెక్కల పుస్తకంలా తయారవుతుంది, ఇద్దరు కావాలి. మా మనవడు తను చదువుతున్న నవల మొదటి భాగం రెండోసారి చదివి ఇరవైమూడు చీటీలు రాశాడు. అందులో తొమ్మిదింటికి మూడో సంగతి దగ్గర ఖాళీ వదిలేశాడు. మొదటిసారి మడిచిన పేజీ మూలలు మాత్రం పద్నాలుగు. వాటిలో నాలుగు ఆ ఖాళీ చీటీల దగ్గరే ఉన్నాయట. కథకి ఏమీ చెయ్యని యుద్ధం వాడి ఊపిరి ఎలా బిగబట్టించిందో వాడికి అంతుబట్టలేదు, నాకూ ఇంకా తెలియదు. అందుకని చీటీలన్నీ తీసేసి పుస్తకం నాకిచ్చి వెళ్ళాడు. నేను ముందు హాయిగా ఒకసారి, తర్వాత చీటీలతో ఒకసారి చదవాలి. ఉగాదికి వాడొచ్చాక రెండు కట్టలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటాం. ఇప్పుడు 212వ పేజీలో ఉన్నాను, మూల మడిచే పుస్తకం పెట్టి ఇది రాస్తున్నాను.