ట్రైలర్ లాగడం నేర్చుకుందాం – 6వ పాఠం: గేర్‌బాక్సు వేడి, రెండోసారి

పోయిన పాఠం చివర ఒక వాక్యం రాశాను. "ట్రాన్స్‌మిషన్ వేడి 200 డిగ్రీలు దాటనివ్వకండి" అని. ట్రాన్స్‌మిషన్ అంటే గేర్‌బాక్సే, ఈ పాఠంలో డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌వే. ఆ ఒక్క వాక్యం చాలామందిని ఇబ్బంది పెట్టింది. ట్రైలర్ తగిలించకుండానే, ఖాళీ ట్రక్కుతో కూరగాయలకి వెళ్లొస్తే 203 చూపిస్తోందని ఒకరు రాశారు. డాలస్ నుంచి ఆస్టిన్ వెళ్తూ ఐ-35 మీద 206 కనిపించగానే రోడ్డు పక్కన ఆపేశామని, పిల్లలతో అరగంట ఎండలో నిలబడ్డామని ఇంకొకరు రాశారు. మరొకాయన ఏకంగా గేర్‌బాక్సు ఆయిల్‌ని చల్లబరిచే అదనపు కూలర్ కొని బిగించుకున్నారు. అయినా అంకె 200 దగ్గరే ఉందట.

తప్పు నాది. ఆ 200 పాత ట్రక్కుల లెక్క. అప్పట్లో 175 డిగ్రీల దగ్గర నడిచే గేర్‌బాక్సులు ఉండేవి. ఆపైన ప్రతి 20 డిగ్రీలకీ ఆయిల్ ఆయుష్షు సగమవుతుందని మెకానిక్కులు ఒక మోటు లెక్క చెప్పేవారు. ఇప్పటి ఎనిమిది, పది గేర్ల ట్రక్కుల్లో చాలావాటిలో ఆయిల్ దారిలో ఒక థర్మోస్టాట్ ఉంటుంది. ఆయిల్ బాగా వేడెక్కేదాకా అది కూలర్ వైపు దారి తెరవదు. పల్చటి ఆయిల్ తేలిగ్గా తిరుగుతుంది, గ్యాస్ (పెట్రోలు) ఆదా అవుతుంది కాబట్టి కంపెనీలే కావాలని అలా పెట్టాయి. ఆ బళ్లలో 195 నుంచి 210 దాకా మామూలే. కూలర్ బిగించుకున్నాయన అంకె మారకపోవడానికి కారణం కూడా ఇదే: థర్మోస్టాట్ తెరుచుకునే వేడిని కూలర్ మార్చలేదు. ఎక్కుడు మీద మాత్రం ఆ కూలర్ పనికొస్తుంది. డబ్బు పూర్తిగా వృథా కాలేదు.

అందుకని ఇకమీదట ఒక్క అంకె పట్టుకోకండి. ట్రైలర్ లేకుండా, ఎండరోజున, హైవే మీద అరగంట నడిపాక మీ బండి ఎంత చూపిస్తుందో అది మీ మామూలు అంకె. దాన్ని కాగితం మీద రాసుకోండి. ట్రైలర్ తగిలించాక దానికంటే ఎంత పెరుగుతోంది, ఎంత తొందరగా పెరుగుతోంది అనేదే చూడాలి. నా పద్ధతి ఇది: 220 దాకా పట్టించుకోను. 230కి వేగం తగ్గిస్తాను. 240 దాటితే ఆగడానికి చోటు వెతుకుతాను. 250 చూడకూడదు. మీ మాన్యువల్ వేరే మాట చెబితే మాన్యువల్ మాటే వినండి.

డాష్‌బోర్డు మీద ముల్లున్న టెంపరేచర్ గేజ్ కూలెంట్‌ది. గేర్‌బాక్సు సంగతి అది చెప్పదు. ట్రాన్స్‌మిషన్ అంకె మెనూలో వెతికి పెట్టుకోవాలని 4వ పాఠంలోనే చెప్పాను కాబట్టి మళ్లీ చెప్పను.

ఇక అసలు విషయం. ఆ వేడి ఎక్కడినుంచి వస్తోంది?

మనలో చాలామంది ఇండియాలో క్లచ్ బండి నేర్చుకున్నవాళ్లమే. ఘాట్ రోడ్డులో ముందు బస్సు ఆగితే హ్యాండ్ బ్రేకు వేయకుండా హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టినవాళ్లకి ఆ మాడిన వాసన గుర్తుండే ఉంటుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో క్లచ్ పెడల్ లేదు కానీ హాఫ్ క్లచ్ ఉంది. దాని పేరు టార్క్ కన్వర్టర్. ఆయిల్‌లో ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు. ఇంజిన్ ఒకదాన్ని తిప్పితే, అది ఆయిల్‌ని తోసి రెండోదాన్ని తిప్పుతుంది. రెండూ ఒకే వేగంతో తిరగనంతసేపూ మధ్యలో ఆయిల్‌ని కవ్వంతో చిలికినట్టు చిలుకుతూనే ఉంటాయి. ఆ చిలకడమే వేడి. బండి కదలడానికి అది అవసరం, ఆ కాసేపూ బలం కూడా పెంచుతుంది. ఆ తర్వాత లోపల ఒక చిన్న క్లచ్ రెండింటినీ కలిపి పట్టేస్తుంది. దాన్నే లాకప్ అంటారు. లాక్ అయ్యాక చిలకడం ఆగిపోతుంది, వేడి పడిపోతుంది.

కాబట్టి గేర్‌బాక్సుని వేడెక్కించేది బరువు ఒక్కటే కాదు, లాక్ పడకుండా ఆ బరువుని లాగడం. ఈ పాఠంలో ఇంకేం మరిచిపోయినా ఇది గుర్తుంటే చాలు.

లాక్ పడిందో లేదో ఇలా తెలుసుకోండి. వేగం నిలకడగా ఉన్నప్పుడు పెడల్‌ని పిసరంత ఎక్కువ నొక్కండి. ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లు కదలకుండా బండి మెల్లగా వేగం అందుకుంటే లాక్ పడినట్టు. వేగం మారకుండానే ముల్లు రెండు మూడు వందలు పైకి లేస్తే జారుతోందన్నమాట. రెండుసార్లు చూస్తే కాలికే తెలిసిపోతుంది.

ఇప్పుడు నన్ను బాగా బాధపెట్టే విషయానికి వస్తాను. మన వాళ్లకి ఇంజిన్ గట్టిగా అరిస్తే భయం. 3,500 ఆర్‌పీఎం కనిపించగానే కాలు తీసేస్తారు. "పాపం, ఇంజిన్ అరుస్తోందండీ" అంటారు. అది చిన్నప్పటినుంచి వచ్చిన అలవాటు. టాప్ గేరులో వేస్తే మైలేజీ వస్తుంది, ఇంజిన్ చప్పుడు లేకుండా పోతే డ్రైవరు మంచివాడు అని విని పెరిగాం. ట్రైలర్ వెనకాల ఉన్నప్పుడు ఆ అలవాటే గేర్‌బాక్సుని తగలబెడుతుంది.

ఎలాగంటే, ఎక్కుడు మీద పెడల్ వదలగానే కంప్యూటర్ పెద్ద గేరులోకి పోతుంది. చప్పుడు తగ్గుతుంది, మీ మనసు కుదుటపడుతుంది. పది సెకన్లలో బండి నీరసిస్తుంది, మళ్లీ నొక్కుతారు. ముందు లాక్ ఊడుతుంది, తర్వాత చిన్న గేరులోకి దిగుతుంది. మళ్లీ అరుపు, మళ్లీ వదలడం. ఈ ఎక్కడం దిగడంలో ప్రతిసారీ కన్వర్టర్ జారుతుంది, లోపలి క్లచ్ ప్లేట్లు రాసుకుంటాయి. చప్పుడు మీకు వినిపిస్తుంది కానీ వేడి వినిపించదు.

లెక్క చూడండి. ట్రక్కూ ట్రైలరూ మనుషులూ కలిపి 12,000 పౌండ్లనుకుందాం. 6 శాతం ఎక్కుడు, అంటే వంద అడుగులకి ఆరడుగుల ఎత్తు. 45 మైళ్ల వేగంతో ఎక్కాలంటే ఒక్క ఎత్తుకే 86 హార్స్‌పవర్ కావాలి. అదే 65 మైళ్లతో అయితే 125. గాలినీ టైర్లనీ దీనికి వేరే కలుపుకోవాలి. మా సిల్వరాడో ట్రక్కులో 5.3 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ ఉంది. 355 హార్స్‌పవర్ అని రాసి ఉంటుంది కానీ అది 5,600 ఆర్‌పీఎం దగ్గర. 2,000 దగ్గర అందులో దాదాపు మూడో వంతే. పైగా టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. 7,800 అడుగుల దగ్గర 2,000 ఆర్‌పీఎంతో ఎక్కమంటే ఆ ఇంజిన్ ఏం చేయగలదు? చిన్న గేరులో 3,600 దగ్గర హాయిగా లాగుతుంది. లాక్ ఊడదు. ఆయిల్ పంపూ నీటి పంపూ వేగంగా తిరుగుతాయి కాబట్టి చల్లదనం కూడా పెరుగుతుంది. ఆర్‌పీఎం గేజ్ మీద దాటకూడని ఎర్ర గీత 6,000కి దగ్గర్లో ఎక్కడో ఉంది. 3,600 అంటే ఇంజిన్ కష్టపడటం కాదు, పని చేయడం.

మా ఇంట్లో ఒక గ్యాస్ రసీదు దాచి ఉంది. కొలరాడో నుంచి తిరిగొస్తూ ట్రినిడాడ్ దగ్గర ఐ-25 మీద రాటన్ పాస్ అనే కనుమ ఎక్కుతున్నప్పుడు మా ఆవిడ దాని వెనకవైపు నిమిషానికో అంకె రాసింది. ట్రినిడాడ్ దాదాపు 6,000 అడుగులు, పాస్ 7,834. ఆ రోజు నేను 65 తగ్గకూడదని పట్టుబట్టి, గేరుని దాని ఇష్టానికి వదిలేశాను. రసీదు మీద ఇలా ఉంది: 199, 204, 211, 219, 226, 233. ఆ 233 పక్కన తను పెన్నుతో రెండు గీతలు గీసింది. అప్పుడు వేగం తగ్గించాను. మరుసటి ఏడాది అదే ట్రైలర్, అదే రోడ్డు. గేరు బటన్‌తో మూడో గేరులో కట్టేసి, 3,600 ఆర్‌పీఎం, 48 మైళ్ల వేగం, కుడి లేను, ఫ్లాషర్లు. 198, 201, 203, 205, 206, 206. చివరి రెండూ ఒకటే అని గమనించండి. పుట్టిన వేడీ పోయిన వేడీ సమానమయ్యాయి. మనకి కావలసింది ఆ ఆగిపోయిన అంకె.

48 మైళ్లతో పోతుంటే వెనకాల వాళ్లు ఏమనుకుంటారోనని సిగ్గుపడకండి. ట్రక్కు ఎంత లాగగలదని కంపెనీలు ప్రకటించే అంకె వెనక జే2807 అనే ప్రమాణం ఉంది. అందులో అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎక్కుడు మీద, 100 డిగ్రీల ఎండలో, ఏసీ పూర్తిగా వేసి 11.4 మైళ్లు ఎక్కాలి. అక్కడ మనలాంటి ట్రక్కు నిలబెట్టుకోవలసిన కనీస వేగం 40 మైళ్లే. కొండ మీద 65తో పోగలదని ఎవరూ మనకి మాట ఇవ్వలేదు.

కొండ లేకపోయినా ఇదే జరగొచ్చు. విచిట ఫాల్స్ నుంచి అమరిల్లో దాకా యూఎస్ 287 చూడ్డానికి చదును. నిజానికి మెల్లమెల్లగా 2,600 అడుగులకు పైగా ఎక్కుతారు, ఎదురుగాలి ఉంటే అదొక కొండ. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఎత్తయిన ట్రావెల్ ట్రైలర్‌ని 75తో లాగితే గేర్లు పైకీ కిందికీ కొట్టుకుంటూనే ఉంటాయి. పై రెండు గేర్లు మూసేసి 62కి దిగండి. నేను ట్రైలర్‌తో ఎప్పుడూ 65 దాటను. చాలా ట్రైలర్ టైర్ల హద్దు కూడా అదే.

240 దాటి ఆగవలసి వస్తే ఇంజిన్ ఆపకండి. ఐ-35 పక్కన ఆగినవాళ్లు తాళం తిప్పి ఆపేశారట. పంపు తిరిగితేనే ఆయిల్ కూలర్‌లోకి పోతుంది. ఆపేస్తే ఆ వేడి ఆయిల్ కన్వర్టర్‌లోనే కూర్చుని ఉడుకుతుంది. పార్క్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, 1,000 నుంచి 1,200 ఆర్‌పీఎం దగ్గర అయిదు, పది నిమిషాలు ఉంచండి. పాత డాడ్జ్ ట్రక్కుల్లో పార్క్‌లో కన్వర్టర్‌కి ఆయిల్ పోదు, వాటిని న్యూట్రల్‌లో ఉంచాలి, చక్రాలకి అడ్డం పెట్టాలి. అంకె వెంటనే దిగకపోతే కంగారుపడకండి. సెన్సర్ చాలా బళ్లలో అడుగున, ఆయిల్ నిలిచే పాన్ దగ్గర ఉంటుంది. కన్వర్టర్‌లోంచి బయటికొచ్చే ఆయిల్ అంతకంటే చాలా వేడిగా ఉంటుంది, కబురు ఆలస్యంగా అందుతుంది. ఎక్కేటప్పుడు కూడా ఆ ఆలస్యం లెక్కలో పెట్టుకోవాలి.

డ్రైవ్‌వేలోకి ఎక్కుడులో రివర్స్ చేయడం అన్నిటికంటే చెడ్డది. చక్రాలు దాదాపు కదలవు, కన్వర్టర్ పూర్తిగా జారుతుంది, గాలి తగలదు. రెండు నిమిషాలు ప్రయత్నించాక కుదరకపోతే కాసేపు పార్క్‌లో వదిలేయండి. కంకర మీదైతే ఫోర్-లో (నాలుగు చక్రాలనీ తక్కువ వేగంతో, ఎక్కువ బలంతో తిప్పే గేరు) వేసుకోండి. ఎండిన కాంక్రీటు మీద మలుపు తిప్పుతూ వేయొద్దు.

ఆయిల్ మార్పు గురించి మాన్యువల్‌లో సివియర్ (కఠినమైన వాడకం) అన్న వరస చూడండి, ట్రైలర్ లాగేవాళ్లం అందులోనే పడతాం. కూలర్ రెక్కల్లో పురుగులు ఇరుక్కుంటే తోట పైపుతో మెల్లగా కడగండి.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టం. మీకు దగ్గర్లో కనీసం మూడు మైళ్ల ఎక్కుడు వెతకండి. లేకపోతే ఎదురుగాలి ఉన్న రోజు చదును రోడ్డు చాలు. అదే రోడ్డు మీద అదే ట్రైలర్‌తో మూడుసార్లు వెళ్లాలి. మొదటిసారి గేరుని దాని ఇష్టానికి వదలండి. రెండోసారి ఒక గేరు కిందికి కట్టేయండి. మూడోసారి రెండు గేర్లు కిందికి. మూడుసార్లూ వేగం ఒకటే, అది 55 దాటకూడదు. ప్రతి పరుగుకి ముందు అంకె మీ మామూలుకి దిగేదాకా ఆగండి. పక్క సీటులో ఒకరు ఉండి నిమిషానికోసారి వేడి, ఆర్‌పీఎం, గేరు రాయాలి. డ్రైవరు రాయకూడదు, చదవనూ కూడదు. మూడు వరసలూ పక్కపక్కన పెట్టి, అంకె ఎక్కడ ఆగిపోయిందో అక్కడ గుండ్రంగా చుట్టండి. అసలు ఆగకపోతే అదీ రాసి పంపండి, బరువు ఎంతో తప్పకుండా చెప్పండి. ఆ కాగితాలతోనే 7వ పాఠంలో దిగుడు మొదలుపెడతాం.