చలి దేశాల్లో పూలతీగల పెంపకం – 4వ పాఠం: పాత కొమ్మా, కొత్త కొమ్మా?

క్లెమాటిస్ తీగను తొట్టిలో ఉన్నదానికన్నా 5 నుంచి 8 సెంటీమీటర్ల లోతుగా నాటాలని గత పాఠంలో చెప్పుకున్నాం. పైకాండం మంచుకు చచ్చినా, మట్టిలో దాగిన కణుపుల నుంచి తీగ మళ్లీ చిగురించడానికే ఆ జాగ్రత్త. ఇక కత్తిరింపు సంగతి.

తిరుపతి చుట్టుపక్కల మల్లెతోటలు ఎరిగినవారికి ఇందులో సగం పాఠం ముందే తెలుసు. మార్గశిర, పుష్య మాసాల్లో మల్లెకు నీరు ఆపి, కొమ్మలు కత్తిరించి, తరువాత ఎరువు వేసి నీరు కడితే, కొత్తగా వచ్చిన రెమ్మల మీదే వేసవి పూలు విరుస్తాయి. వేసవిలో ఊదారంగు పూలు పూసే జాక్‌మానీ రకం క్లెమాటిస్‌ది కూడా ఇదే స్వభావం కనుక, చలి తగ్గుముఖం పట్టగానే దాన్ని నేలకు సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తులో నిస్సంకోచంగా కోసేయవచ్చు.

అయితే ఆల్పినా రకానికి ఈ లెక్క పనికిరాదు. అది నిరుడు పెరిగిన కొమ్మ మీద వసంతంలో పూస్తుంది. టొరంటోలో మా అమ్మాయి పెరట్లో, మల్లె అలవాటుకొద్దీ నేనే మార్చి నెలలో దాన్ని కోసేశాను. ఆ వసంతమంతా ఆకులే తప్ప ఒక్క పువ్వూ లేదు. ఆ రకాన్ని పూత అయిపోయాకే, అదీ అవసరమైతేనే కత్తిరించాలి. పెద్ద పూల రకాలు కొన్ని మొదటి విడత పాత కొమ్మ మీదా, రెండో విడత కొత్త రెమ్మ మీదా పూస్తాయి కాబట్టి, వాటికి ఎండిన కొనలు తీస్తే చాలు.

చలికాలం చివర ఈ తీగ ఎండుపుల్లలాగే ఉంటుంది. బెరడు పీచుపీచుగా లేచి వస్తుంది. తొందరపడి పీకేయకండి. కణుపు దగ్గర వేలితో తడిమితే, ఎదురెదురుగా బియ్యపుగింజలంత మొగ్గలు రెండు తగులుతాయి. ఉబ్బిన ఆ జంటకు కాస్త పైన, పదునైన కత్తెరతో ఒక్క వేటున కోయాలి. మొద్దు కత్తెర కాండాన్ని నలిపేస్తుంది.

వచ్చే పాఠంలోగా ఒక అభ్యాసం: మీ మిద్దె మీది మల్లెలో ఈ ఏటి రెమ్మకు ఎర్రదారం, నిరుటి కొమ్మకు తెల్లదారం కట్టి, మొగ్గలు ఏ దారం దగ్గర వస్తున్నాయో రోజూ రాసుకోండి.