లినక్స్ స్వయంబోధిని – నాలుగవ పాఠం: అప్‌డేట్ మధ్యలో ఆగిపోతే

గత మూడు పాఠాల్లో టెర్మినల్ తెరవడం, ఫోల్డర్ల మధ్య తిరగడం, కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించుకోవడం నేర్చుకున్నాం. ఈ పాఠంలో ఫైళ్ల అనుమతుల గురించి చెప్పాలని మొదట అనుకున్నాను. కానీ హనుమకొండలో మేము ఆదివారాలు నడిపే గదికి నర్సంపేట, పరకాల, జనగామల నుంచి లాప్‌టాప్‌లు పట్టుకుని వచ్చేవారిలో చాలామందిది ఒకటే ఇబ్బంది: అప్‌డేట్ మొదలవుతుంది, తెర మీద ఏదో ఒక వాక్యం వస్తుంది, పని అక్కడితో ఆగిపోతుంది. ఆ వాక్యం ఏమిటని అడిగితే చెప్పగలిగేవారు తక్కువ. అది ఇంగ్లిష్‌లో ఉందని, తమకు అర్థం కాదని ముందే అనుకుని, ఎవరో చెప్పిన ఆదేశాన్ని వెంటనే కొట్టేస్తారు. ఆగిన చోటు ఏదో ఆ వాక్యమే చెబుతుంది కాబట్టి, దాన్ని చదవడమే ఈ పాఠంలో మనం నేర్చుకోబోయే అసలు పని.

ఇక్కడ చెప్పేవి ఉబుంటు, డెబియన్, లినక్స్ మింట్‌లకూ, డెబియన్ ఆధారంగా కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌కూ వర్తిస్తాయి. ఎప్పటిలాగే ఆదేశాలను పలికే తీరున తెలుగులో రాస్తున్నాను; మీరు వాటిని కీబోర్డు మీద ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో కొట్టాలి. ఆప్ట్ అంటే ఏ, పీ, టీ అనే మూడు అక్షరాలు. డీపీకేజీ అంటే డీ, పీ, కే, జీ అనే నాలుగు అక్షరాలు. అడ్డగీత ఒకటి ఉన్నచోట ఒకటే, రెండు ఉన్నచోట రెండూ కొట్టాలి.

అప్‌డేట్‌లోని నాలుగు మెట్లు

‘సుడో ఆప్ట్ అప్‌డేట్’, ఆ తరువాత ‘సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్’ అని మనం కొట్టే రెండు ఆదేశాల వెనుక నాలుగు పనులు జరుగుతాయి. మొదట సర్వర్‌లో ఏయే ప్యాకేజీలు ఏ వెర్షన్‌లో ఉన్నాయో చెప్పే జాబితా మన కంప్యూటర్‌కు వస్తుంది. తరువాత అవసరమైన ప్యాకేజీలు దిగుతాయి. మూడవ మెట్టులో వాటిని విప్పి, ఫైళ్లను వాటి వాటి స్థానాల్లో పెట్టడం జరుగుతుంది. చివరి మెట్టులో ఒక్కో ప్యాకేజీని పనిచేసే స్థితికి అమరుస్తారు. మొదటి రెండు మెట్లు ఆప్ట్ చేసే పని కాగా, చివరి రెండూ దాని కింద ఉండే డీపీకేజీ చేసే పని. కాబట్టి తప్పు గురించిన వాక్యంలో డీపీకేజీ పేరు కనబడితే ఇంటర్నెట్‌ను అనుమానించనవసరం లేదు. ఏదో చిరునామా దొరకలేదని వస్తే డీపీకేజీ జోలికి పోనవసరం లేదు.

జాబితాలు వచ్చేటప్పుడు ప్రతి వరుస మొదట్లో ఒక చిన్న మాట ఉంటుంది. హిట్ అంటే ఆ జాబితా పోయినసారి తెచ్చుకున్నదే, మారలేదు. గెట్ అంటే కొత్తది దిగింది. ఇగ్న్ అంటే దాన్ని పక్కన పెట్టి ముందుకు పోయింది. ఎర్ అంటే అక్కడ తప్పు జరిగింది. చివరన ‘డబ్ల్యూ’ అక్షరంతో మొదలయ్యే వరుసలు హెచ్చరికలు, ‘ఈ’ అక్షరంతో మొదలయ్యేవి పనిని ఆపిన తప్పులు. చాలా వరుసలు వచ్చినప్పుడు పైనుంచి మొదటి తప్పును పట్టుకోండి, ఎందుకంటే దాని కింద వచ్చేవి తరచూ దాని పర్యవసానాలే అయి ఉంటాయి.

తాళం దొరకలేదన్న వాక్యం

అన్నిటికంటే ఎక్కువగా కనబడేది, తాళం దొరకలేదని చెబుతూ /వార్/లిబ్/డీపీకేజీ/లాక్-ఫ్రంటెండ్ అనే ఫైల్‌ను చూపించే వాక్యం. నాకు బాగా ఆందోళన కలిగించేది కూడా ఇదే, ఎందుకంటే ఆ తాళం ఫైల్‌ను తీసేయమనే సలహా ఊరంతా పాకి ఉంది. కిందటి వేసవిలో నర్సంపేట నుంచి వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థిని సరిగ్గా అదే చేసి, సగం విప్పిన ప్యాకేజీలతో లాప్‌టాప్‌ను తెచ్చింది. దాన్ని దారిలో పెట్టడానికి మాకు ఒక పూట పట్టింది.

అసలు విషయం ఇది. ఆ ఫైల్ ఎప్పుడూ అక్కడే ఉంటుంది. ఫైల్ ఉన్నంత మాత్రాన తాళం పడినట్టు కాదు. నడుస్తున్న ప్రోగ్రాం ఒకటి ఆ ఫైల్ మీద తన పట్టును కెర్నెల్ దగ్గర, అంటే అన్ని ప్రోగ్రాంలనూ నడిపించే లినక్స్ మూలభాగం దగ్గర, నమోదు చేసుకుంటే అదే తాళం. ఆ ప్రోగ్రాం ముగిసినా, మధ్యలో చచ్చిపోయినా కెర్నెల్ ఆ పట్టును తనంతట తానే వదిలించేస్తుంది. అంటే తాళం పడి ఉందంటే, ఇప్పుడు, ఈ క్షణంలో, ఎవరో లోపల పనిచేస్తున్నారనే అర్థం. ఫైల్‌ను తొలగిస్తే లోపలివాళ్ల పట్టు పాత ఫైల్ మీద అలాగే ఉండిపోతుంది. మీరు మొదలుపెట్టిన రెండో ఆప్ట్ అదే పేరుతో కొత్త ఫైల్ సృష్టించుకుని దానికి తాళం వేసుకుంటుంది. ఇక ఇద్దరూ ఎవరికి వారు తామొక్కరమే ఉన్నామని నమ్మి, ప్యాకేజీల వివరాలు ఉండే ఒకే ఖాతా పుస్తకంలో ఒకేసారి రాస్తారు.

లోపల ఉన్నది ఎవరో ఆ వాక్యం చివర్లోనే ఉంటుంది: ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) సంఖ్య ఒకటి, బ్రాకెట్లలో దాని పేరు. ఆ పేరు ‘అన్‌అటెండెడ్’ అని మొదలైతే, అది ఉబుంటు భద్రతా సవరణలను తనంతట తాను ఎక్కించుకునే ఏర్పాటు. ఇది మామూలుగా ఉదయం 6 గంటల ప్రాంతంలో నడవాలి. ఆ సమయానికి కంప్యూటర్ ఆపి ఉంటే తరువాత ఆన్ చేసినప్పుడు మొదలవుతుంది. పది రోజులు మూసి ఉంచిన లాప్‌టాప్‌ను తెరిచిన వెంటనే తాళం వాక్యం రావడానికి కారణం ఇదే. చేయవలసింది ఆగడం మాత్రమే. కొత్త వెర్షన్లలో ఆప్ట్ సెకన్లు లెక్కపెడుతూ తానే ఆగుతుంది. చాలాసేపటికీ వదలకపోతే ‘పీఎస్ -పీ’ అని కొట్టి, ఆ పక్కన ప్రాసెస్ సంఖ్య ఇచ్చి, ఆ ప్రోగ్రాం ఇంకా ఉందో లేదో చూడండి. వేరే కిటికీలో మీరే తెరిచి మరచిపోయిన సాఫ్ట్‌వేర్ సెంటర్ అయితే దాన్ని మూయండి. ఏదీ పాలుపోకపోతే కంప్యూటర్‌ను పద్ధతిగా రీస్టార్ట్ చేయండి, అప్పుడు తాళం దానంతట అదే పోతుంది.

కరెంటు పోయినప్పుడు

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేచిందంటే మన వైపు కరెంటు పోవడం కొత్త కాదు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో అప్‌డేట్ నడుస్తుండగా అలా జరిగితే, తరువాత ఆప్ట్ ఏ పని చెప్పినా చేయకుండా, డీపీకేజీకి అంతరాయం కలిగిందనీ, ఫలానా ఆదేశాన్ని మీరే నడపాలనీ చెబుతుంది. మందు పేరు కూడా ఆ వాక్యంలోనే రాసి ఉంటుంది: ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’.

భయపడవలసిన పని లేదు. డీపీకేజీ ప్రతి ప్యాకేజీ ఏ దశలో ఉందో /వార్/లిబ్/డీపీకేజీ/స్టేటస్ అనే ఫైల్‌లో రాసుకుంటూ పోతుంది కాబట్టి, విప్పి వదిలేసినవి ఏవో, అమర్చవలసినవి ఏవో దానికి తెలుసు. పై ఆదేశం విప్పి ఉన్నవాటిని అమరుస్తుంది. మధ్యలో ఏదైనా సెట్టింగుల ఫైల్ గురించి పాతది ఉంచాలా, కొత్తది పెట్టాలా అని అడిగితే, కారణం తెలియనప్పుడు ఎంటర్ కొట్టండి, పాతదే ఉంటుంది. తరువాత ‘సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’ అని కొడితే, ఒకదాని మీద ఒకటి ఆధారపడిన ప్యాకేజీలలో లోటు ఉన్నవాటిని ఆప్ట్ తెచ్చి పూరిస్తుంది. ఇక్కడ ఒక్క జాగ్రత్త: ఏమేం తీసేయబోతుందో ఆప్ట్ ముందే జాబితా చూపిస్తుంది. అందులో మీ డెస్క్‌టాప్ పేరు గానీ, పెద్ద సంఖ్యలో ప్యాకేజీలు గానీ కనబడితే ఒప్పుకోకుండా ‘ఎన్’ కొట్టి ఆపండి. చివరగా ‘సుడో డీపీకేజీ --ఆడిట్’ అని కొట్టండి. అది ఏమీ చెప్పకుండా ఊరుకుంటే అంతా సరిగా ఉన్నట్టే.

కంప్యూటర్ డెస్క్‌టాప్ దాకా రాకపోతే, ఉబుంటులో కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే గ్రబ్ మెనూ నుంచి రికవరీ మోడ్‌కు వెళ్లండి. అక్కడ విరిగిన ప్యాకేజీలను బాగుచేసే వరుస డీపీకేజీ అనే పేరుతోనే ఉంటుంది, అది ఇదే పని చేస్తుంది.

తూకం కలవనప్పుడు

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తా కాంటా అయినప్పుడు దాని తూకం కాగితం మీదికి ఎక్కుతుంది. దించుకునే చోట మళ్లీ తూచినప్పుడు కాగితం మీది అంకె, బస్తా తూకం కలవకపోతే ఎవరూ ఒప్పుకోరు. ఆప్ట్ కూడా ఇలాగే చేస్తుంది. సర్వర్ పంపే మొదటి కాగితం, అంటే విడుదల (రిలీజ్) ఫైల్, మీద డిజిటల్ సంతకం ఉంటుంది. అందులో జాబితాల తూకాలు, ఆ జాబితాలలో ఒక్కో ప్యాకేజీ తూకం రాసి ఉంటాయి. ఇక్కడ తూకం అంటే షా-256 అనే లెక్కతో వచ్చే 64 అక్షరాల గుర్తు. ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా ఆ గుర్తు పూర్తిగా మారిపోతుంది కాబట్టి, దీనిముందు ఏ కాంటా కూడా నిలవదు. హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్ అని వస్తే ఈ తూకం కలవలేదని అర్థం.

చాలాసార్లు ఇందులో మోసమేమీ ఉండదు. మనం అడిగిన మిర్రర్ సర్వర్ (అసలు సర్వర్‌కు నకలు) అప్పుడే తన సరుకు మార్చుకుంటూ ఉండవచ్చు. కాలేజీలు, హాస్టళ్ల నెట్‌వర్క్‌లలో మనకూ ఇంటర్నెట్‌కూ మధ్యనుండే ప్రాక్సీ అనే కంప్యూటర్ పాత కాగితాన్ని దాచి ఉంచి మనకు ఇచ్చి ఉండవచ్చు. ఒక గంట ఆగి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ అలాగే ఉంటే ఫోన్ హాట్‌స్పాట్ ద్వారా ప్రయత్నించండి. అది పనిచేసిందంటే లోపం నెట్‌వర్క్‌లో ఉన్నట్టు. లేదంటే సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్ కిటికీలో మన దేశపు మిర్రర్‌కు బదులు మెయిన్ సర్వర్‌ను ఎంచుకోండి. /వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్ ఫోల్డర్‌లోని జాబితా ఫైళ్లను తొలగించినా నష్టం లేదు, తరువాతి అప్‌డేట్ వాటిని మళ్లీ తెచ్చుకుంటుంది. అయితే ఆ పక్కనే ఉన్న డీపీకేజీ ఫోల్డర్‌ను ఎప్పుడూ ముట్టుకోకండి. అది మీ కంప్యూటర్ సొంత ఖాతా పుస్తకం, ఏ సర్వర్ దగ్గరా దాని నకలు ఉండదు.

విడుదల ఫైల్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదు, ఇన్ని గంటల తరువాత వస్తుంది అన్న వాక్యం చూసి కంగారుపడేవారున్నారు. దాని అర్థం మీ గడియారం వెనకబడి ఉందని మాత్రమే. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్ 2032 అనే 3 వోల్టుల నాణెం బ్యాటరీ అయిపోతే, కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ ఏళ్లు వెనక్కి పోతుంది. ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ అని కొట్టి తేదీ చూడండి. సెట్టింగ్స్‌లో సమయం తనంతట తాను సరిచేసుకునేలా పెట్టి, కాలమండలం కోల్‌కతా ఉందో లేదో గమనించండి. తేదీ మళ్లీ మళ్లీ వెనక్కి పోతుంటే బ్యాటరీ మార్చడమే దారి.

అడిగిన ఫైల్ సర్వర్‌లో లేదని చెప్పే 404 అన్న అంకె రెండు సందర్భాల్లో వస్తుంది. మీ దగ్గరి జాబితా పాతదై, అందులోని వెర్షన్ సర్వర్ నుంచి వెళ్లిపోయి ఉంటే, అప్‌డేట్ మరోసారి నడిపితే సరిపోతుంది. విడుదల ఫైలే లేదని కూడా వస్తే మీ ఉబుంటు గడువు తీరిపోయి ఉండవచ్చు. ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) విడుదలలకు 5 ఏళ్ల మద్దతు ఉంటుంది, తక్కినవాటికి 9 నెలలే. ఉదాహరణకు 2023 అక్టోబరులో వచ్చిన 23.10కు 2024 జులైలోనే మద్దతు ముగిసింది. ‘ఎల్ఎస్‌బీ_రిలీజ్ -ఏ’ అని కొడితే మీది ఏదో తెలుస్తుంది. ఇంట్లో నేర్చుకునేవారికి నేను ఎల్‌టీఎస్‌నే సూచిస్తాను. డిస్క్‌లో చోటు లేదని వస్తే ‘డీఎఫ్ -హెచ్’తో ఏ భాగం నిండిందో చూసి, ‘సుడో ఆప్ట్ క్లీన్’, ‘సుడో ఆప్ట్ ఆటోరిమూవ్’ నడపండి. బూట్ ఫోల్డర్‌లోని ఫైళ్లను చేత్తో మాత్రం తొలగించకండి.

అభ్యాసం

ఈ వారం ఏ తప్పూ రాకపోయినా ఒక పని చేయండి. టెర్మినల్‌లో ‘లెస్ /వార్/లాగ్/ఆప్ట్/హిస్టరీ.లాగ్’ అని కొట్టండి. ఆప్ట్ చేసిన ప్రతి పనికీ అందులో మొదలైన తేదీ, మీరు కొట్టిన ఆదేశం, మారిన ప్యాకేజీల పేర్లు, ముగిసిన తేదీ వరుసగా ఉంటాయి. మొదలైన తేదీ ఉండి ముగిసిన తేదీ లేని పద్దు ఏదైనా ఉందేమో వెతకండి. అలాంటిది దొరికితే, ఆ రోజు మీ ఊళ్లో కరెంటు పోయిందేమో, మీరే మధ్యలో మూత మూశారేమో గుర్తు తెచ్చుకుని నోటు పుస్తకంలో రాసుకోండి. ఆ తరువాత ‘సుడో డీపీకేజీ --ఆడిట్’ నడిపి, వచ్చిన జవాబును దాని కిందే రాయండి. సంతకం సరిపోలేదనీ, తాళంచెవి లేదనీ చెప్పే తప్పులకు సొంతంగా ఒక పాఠం కావాలి. వచ్చే పాఠం వాటి గురించే కాబట్టి, బయటి సంస్థల సాఫ్ట్‌వేర్ మీ కంప్యూటర్‌లో ఏదైనా ఉంటే వాటి పేర్లు కూడా అదే పేజీలో రాసి ఉంచండి.