చివరి రోజుల్లో ఉన్నవారి ఇంటికి డౌలాను పంపేముందు జాగ్రత్తలు

డౌలా అంటే చివరి రోజుల్లో మనిషికీ, ఇంటివారికీ తోడుండే సహాయకురాలు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లలో కొత్త డౌలాను మొదటి మూడు ఇళ్లకైనా ఒంటరిగా పంపకండి.

• ఏ మందు, ఎంత, చివరిసారి ఎప్పుడిచ్చారో కాగితం మీద రాయించుకోవాలి. మోతాదు మార్చడం డౌలా పని కాదు. డాక్టరు, నర్సు నంబర్లు దగ్గరుండాలి.

• కిడ్నీ జబ్బయితే ఇది అస్సలు మరవద్దు: నొప్పి తగ్గించే మార్ఫిన్ మందు ఒంట్లో విరిగాక మిగిలే పదార్థాలు మూత్రంలో పోవాలి. పోకపోతే ఒంట్లో పేరుకుని విపరీతమైన మగత, కాళ్లూచేతులూ ఉలికిపడటం, ఊపిరి మందగించడం మొదలవుతాయి. ఇవి కనిపిస్తే తర్వాతి మోతాదుకు ముందే డాక్టరుకి ఫోన్ చేయాలి.

• తులసి తీర్థం వద్దనకండి, అది ఇంటివారి మనసుకు సంబంధించింది. కానీ మింగలేని మనిషికి చెంచాతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. శుభ్రమైన గుడ్డ తడిపి, పిండేసి, పెదాలకు అద్దమని ముందురోజే చెప్పండి. ఆ గడియలో చెబితే ఎవరికీ చెవికెక్కదు.

• గొంతులో గురగుర వస్తే పక్కకు ఒత్తిగిల్లజేయాలి. నీళ్లు పట్టకూడదు.

• ఆసుపత్రికా, ఇంట్లోనేనా? 108కి ఎప్పుడు ఫోన్ చేయాలో డాక్టరుతో, ఇంటిపెద్దతో ముందే తేల్చుకోండి. రాత్రి కంగారులో తేలదు.

• మనిషి పోయిన మర్నాడు డౌలాను ఎవరు పలకరిస్తారో ఇప్పుడే ఖాయం చేయండి. ఆ వారం ఆమెకు వేరే ఇల్లు అప్పగించకండి.