గంజాయి మీద నిద్రమాత్ర వేసుకుంటే పక్కనున్నవాళ్లు చేయాల్సింది

ముందు బండి తాళం తీసి దాచేయండి. గంజాయి తాగి అల్‌ప్రాజోలం, క్లోనాజెపామ్, డయాజెపామ్ లాంటి మాత్ర కూడా వేసుకున్న మనిషి "నేను బాగానే ఉన్నా" అంటాడు. ఆ మాట నమ్మొద్దు. తన పరిస్థితిని తాను అంచనా వేసుకునే తెలివే అప్పుడు మందగిస్తుంది.

గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ అనే పదార్థం ఒకేసారి రెండు పనుల మీద దృష్టి నిలవనివ్వదు. మాత్ర స్పందనను నెమ్మదింపజేసి, నడకలో తూలు తెస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో కనకదుర్గమ్మ వారధి ఎక్కిన బండి సెకనుకు సుమారు 17 మీటర్లు పోతుంది. బ్రేకు అర సెకను ఆలస్యంగా పడితే 8 మీటర్లు ఎక్కువ పోయినట్టే.

మిగిలిన మాత్రల షీటు కూడా తీసేయండి. వేసుకున్నాక జరిగింది గుర్తుండదు కాబట్టి మళ్లీ వేసుకునే ప్రమాదం ఉంది. గంజాయి ఆకుతో చేసే భంగు తిన్నవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త. అది ఎక్కడానికి రెండు గంటలు పట్టొచ్చు, ఈలోగా ఏమీ కాలేదనుకుని మాత్ర మింగుతారు.

మగతగా ఉంటే ఎడమవైపు తిప్పి పడుకోబెట్టండి. వెల్లకిలా ఉంటే వాంతి గొంతుకు అడ్డం పడుతుంది. నిమ్మరసం, మజ్జిగ, కాఫీ ఏదీ పట్టొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చన్నీళ్ల స్నానమూ వద్దు. నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. 12 కన్నా తగ్గినా, పెదాలు నీలంగా మారినా, గట్టిగా తట్టినా లేవకపోయినా 108కి ఫోన్ చేయండి. మద్యం గానీ, ట్రమడాల్ అనే నొప్పి మాత్ర గానీ కలిసిందని తెలిస్తే లెక్క కోసం ఆగకండి, ఊపిరి ఆగిపోయేది ఎక్కువగా అలాంటప్పుడే.

విజయవాడైనా గుంటూరైనా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి ఆ షీటు పట్టుకెళ్లండి. ఏం తీసుకున్నాడో దాచకుండా చెప్పండి. మాత్రకు విరుగుడు ఇంజెక్షన్ ఉంది గానీ, రోజూ వాడేవాళ్లకు అది ఫిట్స్ తెప్పించగలదు. అందుకే ఎన్నాళ్లుగా వాడుతున్నాడో డాక్టరుకు తెలియాలి.

తెల్లారి లేచి మామూలుగా మాట్లాడినా ఆటో తోలనివ్వకండి, మిర్చి యార్డులో బస్తాలు ఎత్తనివ్వకండి. ఒంట్లో అల్‌ప్రాజోలం సగానికి తగ్గడానికే సుమారు 11 గంటలు పడుతుంది. డయాజెపామ్‌కైతే ఒకటి రెండు రోజులు.

రోజూ మాత్ర వేసుకునే మనిషి చేత ఒక్కసారిగా మాన్పించొద్దు, ఫిట్స్ వస్తాయి. సైకియాట్రీ ఓపీలో చూపిస్తే వారాల తరబడి డోసు కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే మత్తు అలవాటు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయొచ్చు, అది ఉచితం.