మన ఇంటికి మనమే రంగు – మూడో పాఠం: గోడ, ఇనుము, చెక్క సిద్ధం చేయడం

గత రెండు పాఠాల్లో ఏ గదికి ఎంత పెయింట్ పడుతుందో లెక్క కట్టాం, బ్రష్షులు, రోలర్లు ఎంచుకోవడం చూశాం. ఈసారి కూడా డబ్బా మూత తీయం. రంగు పడబోయే గోడని, ఇనుముని, చెక్కని దానికి సిద్ధం చేయడమే ఈ పాఠం. మొత్తం పనిలో సగానికి పైగా సమయం ఇక్కడే పోతుంది. పోవాలి కూడా.

విశాఖలో పొరలు లేచిపోయిన గోడ దగ్గరికి వెళ్లి చూడండి. చాలాసార్లు తప్పు పెయింట్‌ది కాదు. గోడలో చెమ్మ ఉంటుంది, లేదా ఉప్పు ఉంటుంది, లేదా రెండూ ఉంటాయి. సముద్రం పక్కన ఊరు కాబట్టి గాలిలో ఉప్పు ఎలాగూ తప్పదు. దానికి తోడు బీచ్‌కి దగ్గర్లో బోరు నీళ్లు ఉప్పగా ఉన్న చోట, ఆ నీళ్లతోనే సిమెంట్ కలిపి, ఆ నీళ్లతోనే క్యూరింగ్ (సిమెంట్ గట్టిపడేదాకా తడుపుతూ ఉండటం) చేస్తే ఉప్పంతా గోడలోనే ఉండిపోతుంది. తర్వాత ఎప్పుడో తెల్లటి పొడిలా బయటికి లేస్తుంది. అందుకే ఇక్కడి ఇళ్లకి రంగు వేసేవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది గోడలో చెమ్మ ఉందో లేదో కనిపెట్టడం.

చెమ్మ పరీక్ష

ఒకటిన్నర అడుగు పొడవు, అంతే వెడల్పు ఉన్న మందపాటి ప్లాస్టిక్ షీటు ముక్క తీసుకోండి. అనుమానం ఉన్న గోడ మీద పెట్టి నాలుగు వైపులా సందు లేకుండా టేపు అంటించండి. సాయంత్రం అంటిస్తే మర్నాడు మధ్యాహ్నానికి విప్పొచ్చు. షీటు లోపలి వైపు నీటి చుక్కలు కనబడినా, కింద గోడ ముదురు రంగుకి తిరిగినా చెమ్మ గోడలో నుంచే వస్తోందని అర్థం. బయటి వైపు మాత్రమే తడి ఉంటే అది గాలిలోది. మన ఊళ్లో ఈ తేడా చాలా ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ చేత్తో తాకితే ఏ గోడైనా చల్లగా, తడిగానే అనిపిస్తుంది. చేతిని నమ్మి నిర్ణయం తీసుకోకండి.

కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడైతే క్యూరింగ్ అయ్యాక కనీసం 28 రోజులు ఆగాలి. వర్షాకాలంలో ఇంకా ఎక్కువ. తడి ఒక్కటే కారణం కాదు. కొత్త సిమెంట్‌లో క్షారం చాలా ఎక్కువ. దాని మీద ఆయిల్ పెయింట్ వేస్తే ఆ క్షారం నూనెతో కలిసి నిజంగానే సబ్బుగా మారుతుంది. రంగు జిగురుగా తయారై వేలితో గీస్తే ఊడి వస్తుంది. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని తొందరపెట్టే ఇళ్లలో ఇది తరచూ జరుగుతుంది. ముహూర్తానికి ఒక కోటు సున్నం వేసుకుని, పాలు పొంగించుకుని, అసలు రంగు తీరిగ్గా వేసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆ సున్నాన్ని తర్వాత గీకేయాలి, అంతే.

ఉప్పు లేచిన గోడ

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. తెల్లటి పొడి కనబడగానే బకెట్ నీళ్లు తెచ్చి కడిగేస్తారు. నీళ్లు తగిలితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే ఇంకిపోతుంది, ఆరాక మళ్లీ తేలుతుంది. ముందు పొడి బ్రష్‌తో దులపాలి. కింద పాత పేపర్లు పరిచి, రాలిన పొడిని మడిచి బయట పారేయాలి. ఆ తర్వాతే కుళాయి మంచినీళ్లలో ముంచి గట్టిగా పిండిన స్పాంజితో తుడవాలి. ఇక్కడ బోరు నీళ్లు వాడితే ఉన్న ఉప్పుకి ఇంకాస్త చేర్చినట్టే.

తర్వాత రెండు వారాలు ఆ గోడని అలాగే వదిలేయండి. మళ్లీ పొడి తేలిందంటే నీరు ఎక్కడి నుంచో వస్తూనే ఉంది. అనుభవం ఉన్న పెయింటర్ అయితే అక్కడే ఆగి, “ఇది రంగుతో పోయేది కాదమ్మా, గోడ అవతల బాత్‌రూమ్ ఉందా?” అని అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్న అదే. పైపు కారుతోందా, డాబా మీద నీళ్లు నిలుస్తున్నాయా, పునాది నుంచి చెమ్మ ఎక్కుతోందా చూసి ముందు అది బాగుచేయించాలి. అలా చేయకుండా గోడని నునుపు చేసే పుట్టీ పెడితే ఉప్పు దాన్ని వెనక నుంచి నెడుతుంది, పుట్టీ పెచ్చులు పెచ్చులుగా ఊడి పడుతుంది.

పాత గోడలు

అరచేత్తో గట్టిగా రుద్దండి. చేతికి తెల్లగా అంటితే అది సున్నమో, పాత డిస్టెంపరో. దాని మీద ఏం వేసినా ఆ పొడినే పట్టుకుని, ఆ పొడితోనే ఊడుతుంది. స్క్రాపర్‌తో పూర్తిగా గీకేయడం తప్ప దారి లేదు.

చేతికి ఏమీ అంటకపోతే ఒక దూది ముక్కని స్పిరిట్‌లో ముంచి ఒక మూల రుద్దండి. రంగు మెత్తబడి దూదికి అంటితే ఎమల్షన్ (నీళ్లతో పల్చన చేసే రంగు), అంటకపోతే ఆయిల్ పెయింట్. ఎమల్షన్ గట్టిగా ఉంటే 180 నంబరు ఎమరీ పేపరుతో తేలిగ్గా రుద్ది దుమ్ము తుడిస్తే చాలు. ఆయిల్ పెయింట్‌కి నిగనిగలాడే మెరుపు పూర్తిగా పోయేదాకా రుద్దాలి. అయితే ఒక జాగ్రత్త. ఇళ్లకి వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్‌లో (మెరిసే ఆయిల్ పెయింట్‌లో) సీసం ఎంతుందో చూసి చెప్పలేం. అలాంటి పాత రంగుని పొడిగా రుద్దకండి. తడి చేసి వాటర్ పేపరుతో (నీళ్లలో తడిపి వాడే ఎమరీ పేపరుతో) రుద్దండి, మాస్క్ పెట్టుకోండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. పాత ఆస్‌బెస్టాస్ రేకులనైతే అసలు రుద్దకండి, వైర్ బ్రష్ కూడా వద్దు.

గీకడం అయ్యాక రూపాయి బిళ్లతో గోడంతా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి చోట టక్కుమని పొట్టిగా వినబడుతుంది, ప్లాస్టరింగ్ వదిలేసిన చోట డొల్లగా మోగుతుంది. అక్కడ చాక్‌పీస్‌తో గీత గీసి, ఆ మేరకు కొట్టించి మళ్లీ ప్లాస్టరింగ్ చేయించాలి. పైన పుట్టీ పెట్టి కప్పేయకండి.

బయటి గోడల మీద నల్లటి నాచుకి బ్లీచింగ్ పౌడర్ నీళ్లు పట్టించి, కాసేపు ఆగి, బ్రష్‌తో తోమి మంచినీళ్లతో బాగా కడగాలి. బ్లీచింగ్‌లో యాసిడ్ ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. కిటికీ గ్రిల్స్ మీద కూడా ఆ నీళ్లు పడనివ్వకండి.

గ్రిల్స్, గేట్లు

బీచ్ గాలి తగిలే బాల్కనీ గ్రిల్ మీద వేలితో రాసి నాలుకకి తగిలిస్తే ఉప్పగా ఉంటుంది. తుప్పు గీకి ఆ ఉప్పు మీదే ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత) వేస్తే, లోపల ఉప్పు చెమ్మని లాక్కుని మొదటి వర్షాలకే బుడగలు లేపుతుంది. కాబట్టి ఇనుముని ముందు మంచినీళ్లతో కడగాలి, తర్వాతే గీకాలి.

పని మొత్తం ఒకే రోజులో అయిపోయేలా చూసుకోండి. పొద్దున్నే కడిగేయండి. మంచు తడి, కడిగిన తడి పూర్తిగా ఆరాక వైర్ బ్రష్, ఆపై 80 నంబరు ఎమరీ. వెల్డింగ్ అతుకుల దగ్గర, కమ్మీ గోడలోకి దిగే చోట ఎక్కువ సేపు ఉండండి, తుప్పు మొదలయ్యేది అక్కడే. థిన్నర్ గుడ్డతో తుడిచి, సాయంత్రం లోపే ప్రైమర్ వేసేయాలి. రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఇనుము మీద పసుపు రంగు తుప్పు పొర మళ్లీ వచ్చేస్తుంది. రెడ్ ఆక్సైడ్ సరిపోతుంది గానీ, సముద్రం ఎదురుగా ఉన్న ఇళ్లకి జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ రెండు కోట్లు వేయమనే చెబుతాను. కొత్త జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) రేకులకి మాత్రం ఇవి నేరుగా వద్దు, ముందు ఆ జింకుకి పట్టుకునే పల్చటి వాష్ ప్రైమర్ పడాలి.

తలుపులు

చెక్క గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వానాకాలంలో ఉబ్బి బిగుసుకున్న తలుపుని అప్పుడే చిత్రిక పట్టించకండి, ఎండాకాలంలో సందు పడుతుంది. రుద్దేటప్పుడు ఎప్పుడూ చెక్క నార పోయే దిశలోనే రుద్దండి, అడ్డంగా రుద్దితే గీతలు పాలిష్ కింద కూడా కనబడతాయి. టేకు అయితే దాని నూనె పోయేలా థిన్నర్‌తో తుడవండి. ఎనామిల్ వేసే తలుపుకి ముందు ప్రైమర్, తర్వాతే లప్పం (చెక్కకి పెట్టే పుట్టీ).

అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. హుద్‌హుద్ వచ్చింది కూడా 2014 అక్టోబరు 12నే. బయటి గోడలు జనవరి తర్వాత పెట్టుకోండి.

వచ్చే పాఠానికి ఒక పని. ఇంట్లో మూడు గోడల మీద ప్లాస్టిక్ షీట్లు అంటించి, రూపాయి బిళ్లతో తట్టి చూసి, మర్నాడు ఏ వైపు తడి కనబడిందో, ఏ గోడ డొల్లగా మోగిందో నోటుబుక్‌లో రాసుకోండి. ఏ గోడకి ఏ ప్రైమర్, పుట్టీ ఎంత మందం అన్నది ఆ కాగితం ముందు పెట్టుకునే చూద్దాం.